పేషీకి వచ్చిన మనిషి: నల్లగొండ జిల్లా కోర్టు ప్రజలకు ఎక్కడ అందుతోంది, ఎక్కడ అందడం లేదు

కోర్టుల పనితీరు గురించి రాసేవారు సాధారణంగా పెండింగు కేసుల సంఖ్యతో మొదలుపెడతారు. దేశంలోని జిల్లా కోర్టుల్లోనూ, వాటి కింది కోర్టుల్లోనూ కలిపి నాలుగు కోట్లకు పైగా కేసులు తేలకుండా ఉన్నాయన్నది అందరూ విన్న మాటే. చందంపేట మండలంలోని ఒక తండా నుంచి తెల్లవారక ముందే బయలుదేరి, దేవరకొండలో బస్సు మారి, పదిన్నరకల్లా నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలో నిలబడవలసిన మనిషికి కోర్టు ఏ మేరకు ఉపయోగపడుతోందో మాత్రం ఆ అంకె చెప్పదు. ఆ మనిషి లెక్క వేరు. ఒక రోజు కూలీ, రానుపోను ఛార్జీలు, వకీలు గుమాస్తా చేతిలో పెట్టే చిల్లర, మధ్యాహ్నం భోజనం, ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చిన నాడు కేసు ఒక అడుగైనా కదిలిందా, లేక 'వాయిదా' అన్న మాట విని ఊరికి తిరిగి వెళ్ళవలసి వచ్చిందా అన్నదే అతనికి కావలసిన లెక్క. కోర్టు సేవను ఆ లెక్కతో కొలిచినప్పుడు, లోపాలు న్యాయమూర్తి కూర్చునే హాలులో కంటే హాలుకు ముందు జరగవలసిన పనుల్లోనూ, తీర్పు తర్వాత జరగవలసిన పనుల్లోనూ ఎక్కువగా కనిపిస్తాయి.

2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేకపోవడంతో, మనోవర్తి కేసుల కోసం నెలల తరబడి తిరిగే ఆడవాళ్ళకు పేషీ ఖర్చు, అంటే వాయిదా రోజున కోర్టుకు వచ్చి వెళ్ళే ఖర్చు, కొంత తగ్గింది. న్యాయ సంస్కరణల చర్చల్లో ఈ ప్రస్తావన రాదు గానీ, కోర్టు మెట్ల దగ్గర కనిపించే నిజం ఇది.

బయటివారు జిల్లా కోర్టు అని ఒకే పేరుతో పిలిచినా, ఆ ఆవరణలో ఉండేవి చాలా కోర్టులు. ప్రిన్సిపల్ జిల్లా, సెషన్స్ జడ్జి కోర్టు, అదనపు జిల్లా జడ్జీల కోర్టులు, ఇప్పటికీ పాతవారు సబ్ కోర్టు అనే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, మున్సిఫ్ కోర్టు అనే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల కేసులకూ, పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసులకూ ప్రత్యేక కోర్టులు, మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునలు అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. సివిల్ దావా ఏ కోర్టుకు వెళ్ళాలన్నది ఆస్తి విలువను బట్టి, క్రిమినల్ కేసు ఎక్కడ నడవాలన్నది నేరాన్ని బట్టి తేలుతుంది. మొదటి తరగతి మెజిస్ట్రేటు మూడేళ్ళకు మించి జైలుశిక్ష వేయలేరు, హత్య వంటి నేరాలు సెషన్స్ కోర్టుకే వెళ్ళాలి. పేషీ, వకీలు, జమానత్ (బెయిల్), జప్తు, నాజర్ వంటి మాటలు నిజాం కాలంలో ఉర్దూ కోర్టు భాషగా ఉన్ననాటి నుంచి నిలిచిపోయినవి. దక్షిణ తెలంగాణలో సామాన్యుడికి కోర్టు వ్యవహారం ఇంగ్లీషు మాటల్లో కంటే ఈ మాటల్లోనే సులువుగా తెలుస్తుంది.

2022 జూన్ 2న రాష్ట్రంలోని న్యాయ జిల్లాలను రెవెన్యూ జిల్లాలకు అనుగుణంగా విడదీశారు. అంతవరకు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ప్రాంతాలు నల్లగొండ జిల్లా జడ్జి పరిధిలోనే ఉండేవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట ప్రాంతాలు మహబూబ్‌నగర్ జిల్లా జడ్జి పరిధిలో ఉండేవి. విభజన తర్వాత అలంపూర్ వైపు రైతు సెషన్స్ కేసు కోసమో, జిల్లా స్థాయి అప్పీలు కోసమో పాలమూరు దాకా ప్రయాణించవలసిన అవసరం పోయింది. పేషీ లెక్కలో చూస్తే గత కొన్నేళ్ళలో ఈ ప్రాంత ప్రజలకు జరిగిన పెద్ద మేలు ఇదే. అయితే దూరం తగ్గినంత మాత్రాన వాయిదాలు తగ్గవు. వాయిదాలకు మూలం ఎక్కడుందో రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది.

యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో బాలికల వరుస హత్యలు 2019 ఏప్రిల్‌లో బయటపడ్డాయి. నల్లగొండలోని పోక్సో ప్రత్యేక కోర్టు 2020 ఫిబ్రవరి 6న నిందితుడికి మరణశిక్ష విధించింది. అంటే నేరం వెలుగులోకి వచ్చిన పది నెలల లోపే తీర్పు వచ్చింది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న పట్టపగలు జరిగిన పరువు హత్య కేసులో, అదే నల్లగొండలోని ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం పడ్డాయి. ఆరున్నరేళ్ళు పట్టింది. పోక్సో చట్టం కేసును స్వీకరించిన ఏడాదిలోగా విచారణ ముగించాలంటుంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, సవరణ తర్వాత, ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు ముగించాలంటుంది. మరింత తక్కువ గడువున్న చట్టం కిందనే ఎక్కువ కాలం పట్టిందన్నమాట.

దీనికి కోర్టు అలసత్వమే కారణమనడం తొందరపాటు అవుతుంది. ఒక కేసులో నిందితుడు ఒక్కడు, రెండో కేసులో ఎనిమిది మంది. వారిలో ప్రధాన నిందితుడు 2020లో, విచారణ కాలంలోనే చనిపోయాడు. నిందితులు ఎక్కువైన కొద్దీ వకీళ్ళు, పిటిషన్లు, గైర్హాజరీలు, ఒక్కో సాక్షికి జరిగే క్రాస్ ఎగ్జామినేషన్లు అన్నీ పెరుగుతాయి. పైగా 2020 మార్చి నుంచి కొవిడ్ వల్ల కోర్టులు చాలాకాలం పరిమితంగానే నడిచాయి. చట్టంలో గడువు రాయడం సులభమే గానీ, ఆ గడువులో సాక్షిని బోనెక్కించే యంత్రాంగాన్ని చట్టం తనంతట తాను పుట్టించలేదు. మరణశిక్ష పడిన కేసులన్నీ ఖరారు కోసం హైకోర్టుకు వెళ్ళవలసిందే గనుక, జిల్లా కోర్టు తీర్పుతో బాధిత కుటుంబాల నిరీక్షణ ముగియదన్న సంగతి కూడా పత్రికల శీర్షికల్లో మరుగున పడుతుంది.

ఇక హాలుకు ముందు జరగవలసిన పనిలో మొదటిది సమన్లు. సివిల్ దావా నంబరు అయ్యాక ప్రతివాదికి సమను చేరితే తప్ప కేసు మొదలు కాదు. ఆ సమన్లను తీసుకుని ఊళ్ళకు వెళ్ళేది కోర్టు నోటీసుల పని చూసే నజారత్ విభాగంలోని సిబ్బంది, అంటే ప్రాసెస్ సర్వర్లు. దేవరకొండ, చందంపేట, ఇటు పాలమూరు జిల్లాలోని వలస ప్రాంతాల్లో సంవత్సరంలో సగం కాలం ఇళ్ళకు తాళాలే ఉంటాయి. హైదరాబాదుకో, ముంబయికో, పుణెకో పనికి వెళ్ళిన మనిషి పేరున వచ్చిన సమను 'ఇంటికి తాళం', 'ఊళ్ళో లేరు' అన్న రాతతో తిరిగి వస్తుంది. మళ్ళీ ఒక వాయిదా, మళ్ళీ సమను పంపడానికి బత్తా (రుసుము) కట్టడం, మళ్ళీ సమను. చివరికి తలుపుకు అంటించడానికో, పత్రికలో ప్రకటన వేయడానికో కోర్టు అనుమతి ఇస్తుంది. ఆ పత్రికా ప్రకటనను వలస వెళ్ళిన కూలీ చూస్తాడని నమ్మేవారు ఎవరూ ఉండరు, కానీ చట్టం దృష్టిలో సమను చేరినట్టే. ఆ తర్వాత ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ప్రతివాది లేకుండానే వెలువడే తీర్పు ఉత్తర్వు, వస్తుంది. ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు తన పొలం మీద డిక్రీ ఉందని తెలుసుకున్న మనిషి, దాన్ని రద్దు చేయమని పిటిషను వేస్తాడు. సమను సరిగా అందలేదని చూపగలిగితే తెలిసిన నాటి నుంచి 30 రోజుల గడువు దొరుకుతుంది. అంటే రెండేళ్ళు నడిచిన కేసు మళ్ళీ మొదటి మెట్టుకు దిగుతుంది. ఇందులో న్యాయమూర్తి తప్పు వెతికినా దొరకదు. సమను అందిన ప్రతివాది 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 90 రోజుల్లో జవాబు దాఖలు చేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతున్నా, ఆ లెక్క సమను అందిన రోజునే మొదలవుతుంది గదా.

క్రిమినల్ కేసుల్లో ఈ పని పోలీసులది. ప్రతి ఠాణా నుంచి కోర్టు డ్యూటీ మీద ఒక కానిస్టేబులు ఉంటాడు. సాక్షిని పిలిపించడం, వారంట్ల సంగతి చూడడం, కేసు ఆస్తిని హాజరుపరచడం వంటివన్నీ అతని చేతుల మీదుగా జరుగుతాయి. ఏ కేసు ఎంత వేగంగా నడుస్తుందో తెలియాలంటే వకీళ్ళను అడగడం కంటే ఆ కానిస్టేబులును అడగడం మేలని కోర్టుల చుట్టూ తిరిగినవారికి తెలుసు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం, సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికి, సాక్షుల్ని వీడియో ద్వారా విచారించడానికి దారి తెరిచింది. బదిలీ అయిపోయిన ఎస్ఐ, వేరే ఊరి ఆస్పత్రికి మారిన డాక్టరు వంటి అధికారిక సాక్షుల విషయంలో ఇది బాగా పనికొచ్చే మార్పు.

హాలు లోపలి పని చూస్తే, ఉదయం పదిన్నరకు పిలుపులతో మొదలవుతుంది. బంట్రోతు పేర్లు పిలుస్తుంటే, బెంచి గుమాస్తా ఫైళ్ళు అందిస్తుంటే, ఆనాటి కేసుల్లో చాలావాటికి కొత్త తేదీ పడిపోతుంది. ఆ తర్వాతే సాక్ష్యాలూ, వాదనలూ. జూనియర్ సివిల్ జడ్జి సాధారణంగా మెజిస్ట్రేటు కూడా కావడం వల్ల, సివిల్ దావాలో సాక్షి బోనులో ఉండగానే అరెస్టయిన మనిషిని పోలీసులు తీసుకురావచ్చు. 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగపు హామీ గనుక దాన్ని రేపటికి పెట్టడం కుదరదు. ప్రభుత్వాస్పత్రి నుంచి మరణ వాంగ్మూలం తీసుకోవాలని కబురు వస్తే మెజిస్ట్రేటు ఉన్నఫళంగా లేచి వెళ్ళవలసిందే. పొలం గట్టు తగాదాకు వచ్చిన రైతు ఆ రోజంతా వరండాలో కూర్చుని, తన కేసు ఎందుకు ఆగిందో తెలియకుండానే సాయంత్రం బస్సు ఎక్కుతాడు. పది లక్షల జనాభాకు 50 మంది న్యాయమూర్తులు ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ దేశంలో మంజూరైన పోస్టుల లెక్క 21 దగ్గరే ఉంది.

ఎందుకు ఆగిందో కాకపోయినా, మళ్ళీ ఎప్పుడు రావాలో తెలుసుకునే సౌకర్యం మాత్రం ఇప్పుడు చేతిలోకి వచ్చింది. ఈ-కోర్టుల పథకం కింద ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఆ నంబరును యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా తేదీ, గత వాయిదాలలో ఏం జరిగింది, ఆర్డర్ల కాపీలు ఉచితంగా కనిపిస్తాయి. ఈ పథకం మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది. ఇంత ఖర్చుతో వచ్చిన సౌకర్యం కక్షిదారుకు అందకుండా ఆగేది చాలా చిన్న చోట. తన కేసు సీఎన్ఆర్ నంబరు ఎంతో అతనికి ఎవరూ చెప్పరు. వకాలత్ మీద సంతకం తీసుకున్న రోజునే ఆ నంబరును ఒక చీటీ మీద రాసి ఇస్తే చాలు, 'నా కేసు ఏమైంది సార్' అని అడగడానికే పెట్టుకునే ప్రయాణాలు సగం తగ్గుతాయి. యాప్ తెరిచినా అందులోని ఆర్డర్లు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయన్న చిక్కు ఎలాగూ ఉంది.

భాష సంగతి అంత తేలికగా దాటవేయదగినది కాదు. సాక్షి తెలుగులో చెబుతాడు, వకీలు తెలుగులో అడుగుతాడు, న్యాయమూర్తి దాన్ని మనసులో అనువదించుకుని ఇంగ్లీషులో రాయిస్తారు. 'నేను అప్పుడు అక్కడ్నే ఉన్న' అన్న సాక్షి మాట కాగితం మీద ఇంగ్లీషు వాక్యంగా మారినప్పుడు 'అక్కడ్నే' అన్నది ఎంత దూరమో పై కోర్టుకు తెలిసే వీలు లేదు, అప్పీలు నిలిచేదీ పోయేదీ అటువంటి మాటల మీదనే. తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒకటి 2023 జూన్‌లో ఒక ఆస్తి వివాదంలో తెలుగులోనే తీర్పు ఇచ్చింది. హైకోర్టులో సాధ్యమైనది, వాదీ ప్రతివాదీ వకీళ్ళూ న్యాయమూర్తీ అందరూ తెలుగువారే అయిన జిల్లా కోర్టులో మరింత సులభంగా సాధ్యం కావాలి. తీర్పు మొత్తం కాకపోయినా, చివరి పేరా ఒక్కటి, అంటే ఎవరు గెలిచారు, ఏం చేయాలి, అప్పీలుకు ఎన్ని రోజుల గడువుంది అన్న భాగం తెలుగులో ఇస్తే ప్రజలకు చేరే మేలు పెద్దది. సివిల్ దావాల్లో జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజుల్ని ఆ గడువులో లెక్కించరు. నకలు కోసం తీర్పు వచ్చిన రోజునే కాపీ అప్లికేషన్ పెట్టుకోవాలన్న సంగతి తెలియక గడువు పోగొట్టుకునేవారు ఉన్నారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల సివిల్ పనిలో భూమి వివాదాలది పెద్ద పాలు. అన్నదమ్ముల పంపకాల దావాలు, కొనుగోలు అగ్రిమెంటు అమలు చేయమనే దావాలు, అన్నింటికంటే ఎక్కువగా ఇంజంక్షన్లు, అంటే ఎదుటివారు భూమి జోలికి రాకుండా ఆపే ఉత్తర్వులు. ఊళ్ళో 'స్టే తెచ్చుకున్నడు' అని చెప్పుకునేది దీన్నే. 2020లో వచ్చిన పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టుల్ని రద్దు చేయడంతో, అంతవరకు ఆర్డీవో, జాయింట్ కలెక్టరు స్థాయిలో తేలే రికార్డు తగాదాలకు కూడా సివిల్ కోర్టే దిక్కయింది. అప్పటి భూరికార్డుల పోర్టల్ ధరణిలో ఒక సర్వే నంబరు తప్పుగా నమోదైతే, దాన్ని సరిదిద్దుకోవడానికి కోర్టు ఫీజు కట్టి దావా వేయమన్న సలహా ఎకరం రైతుకు ఎంత భారమో చెప్పనక్కరలేదు. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీళ్ళకు మళ్ళీ చోటిచ్చింది. దీనివల్ల కోర్టుల మీద భారం తగ్గుతుందా అన్నది ఆ అప్పీళ్ళు తేలే వేగాన్ని బట్టి ఉంటుంది.

సాదాబైనామా సంగతి మరొకటి. తెల్లకాగితం మీదో, తక్కువ విలువ స్టాంపు మీదో రాసుకుని, ఊరి పెద్దల సాక్షి సంతకాలతో భూమి చేతులు మారడం ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్న అలవాటు. కోర్టుకు వచ్చేసరికి ఆ కాగితం హక్కును రుజువు చేయదు. రిజిస్టరు కాని అమ్మకపు పత్రాన్ని, స్టాంపు సుంకమూ దాని మీద జరిమానా కూడా కట్టాకనే, అదీ స్వాధీనం ఎవరిదన్న అనుబంధ విషయం వరకే సాక్ష్యంగా చూస్తారు. నలభై ఏళ్ళుగా దున్నుకుంటున్న మనిషికి, అమ్మినవాడి మనుమడి పేరు పాసుపుస్తకంలో ఉన్న కారణంగా కోర్టు న్యాయం చేయలేకపోయిందని అనిపిస్తుంది. కోర్టు చేసింది మాత్రం చట్టం చెప్పిందే. ప్రజల దృష్టిలో కోర్టు ఓడిపోతున్న ఇటువంటి కేసుల్లో నిజానికి లోపం కోర్టుకు ఎంతో ముందు, రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్ళకుండా ఆగిన ఆ రోజున ఉంది.

జాతీయ రహదారి 65 చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా జిల్లాలో సాగుతుంది గనుక ప్రమాద పరిహారం కేసులు ఇక్కడి కోర్టులకు కొత్త కావు. చనిపోయినవారి కుటుంబం తాము నివసించే చోటి ట్రైబ్యునల్‌లోనే కేసు వేయవచ్చు, ప్రమాదం జరిగిన చోటికే వెళ్ళాలన్న నిర్బంధం లేదు. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలన్న గడువు చట్టంలో చేరింది. దినకర్మలు ముగిసి కుటుంబం కోలుకునేసరికే అందులో కొంత గడిచిపోతుంది.

డబ్బు లేనివారికి కోర్టు నేరుగా అందించే సేవ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసినా సమాచారం దొరుకుతుంది. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చిన పథకం కింద క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున వాదించడానికి పూర్తికాలపు వకీళ్ళను నియమిస్తున్నారు. ఇది పాత ప్యానెల్ పద్ధతి కంటే మెరుగైనదనే చెప్పాలి. ఎందుకంటే సొంత ప్రాక్టీసు నడుపుకుంటూ నామమాత్రపు రుసుముకు పేదవాడి కేసు చూడమంటే, ఆ కేసు ఎవరి సంచిలోనైనా అడుగునే ఉంటుంది.

జమానత్ దొరికినా జైలు దాటలేని వారి ఇబ్బంది ఇంకా సూక్ష్మమైనది. ఇద్దరు జామీనుదారులు, వారి ఇంటిపన్ను రసీదులు, ఆధార్ కార్డులు, వారి ఒక రోజు పని నష్టం. వలస కూలీకి పరాయి ఊళ్ళో ఇవన్నీ ఎవరు సమకూరుస్తారు? బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ విషయాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదల చేయాలని కొత్త సంహిత చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది వర్తించదు.

లోక్ అదాలత్‌ల గురించి ఇక్కడ కొంచెం నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. చెల్లని చెక్కులు, ప్రమాద పరిహారాలు, ఇరుగుపొరుగు కొట్లాటలు వంటి వాటికి ఇంతకంటే మంచి దారి లేదు. అయితే మరునాడు పత్రికల్లో వచ్చే వేల కేసుల లెక్కలో, జరిమానాతో ముగిసే చిల్లర కేసుల పాలు ఎక్కువ. ఆ సంఖ్యను చూసి పాత సివిల్ దావాల భారం తగ్గిందనుకుంటే పొరపాటే.

తీర్పు తర్వాతి పని అన్నింటికంటే తక్కువ చర్చకు వచ్చేది, కక్షిదారుకు అన్నింటికంటే ఎక్కువ ముఖ్యమైనది. దావా గెలిచిన మనిషి చేతికి వచ్చేది డిక్రీ కాగితం. ఓడినవాడు తనంతట తాను డబ్బు కట్టకపోయినా, భూమి అప్పగించకపోయినా, గెలిచినవాడు మళ్ళీ అదే కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసుకోవాలి. కోర్టుల్లో దీన్ని ఈపీ అంటారు. 12 ఏళ్ళ లోపు వేయవచ్చునని చట్టం గడువు ఇచ్చింది, ఆ గడువును చూసి ధీమాగా ఉండేవారు చివరికి ఆస్తి మూడు చేతులు మారాక కోర్టుకు వస్తారు. జప్తు ఉత్తర్వును ఆస్తి దగ్గర డప్పు కొట్టి చాటాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇప్పటికీ చెబుతుంది. కోర్టు సిబ్బంది దీన్ని టాంటాం అంటారు. పూర్వం అమీను అని, ఇప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్ అని పిలిచే ఉద్యోగి ఊరికి వెళ్ళేసరికి ఆ ఇంటి బంధువొకడు వచ్చి, ఆస్తి తనదంటూ అభ్యంతరం చెబుతాడు. ఆ అభ్యంతరాన్ని మళ్ళీ ఒక చిన్న దావాలాగా విచారించాలి. అది తేలాక పోలీసు సహాయం కోసం ఇంకో పిటిషను, హద్దులు తేల్చడానికి సర్వేయరు, సర్వేయరు వచ్చిన రోజున పొలంలో వరి నాటి ఉంటే కోత దాకా ఆగడం.

సుప్రీంకోర్టు 2021లో ఒక కేసులో, ఈపీని దాఖలైన ఆరు నెలల్లో ముగించాలనీ, అంతకు మించితే కారణం రాయాలనీ, ఆస్తి అప్పగింత దావాల్లో హద్దులూ స్వాధీనమూ మూడో వ్యక్తుల హక్కులూ విచారణ దశలోనే తేల్చుకోవాలనీ ఆదేశించింది. ఆ ఆదేశం నల్లగొండలో నెరవేరాలంటే కావలసినవి పెద్దవేమీ కావు. దావా మొదట్లోనే సర్వే స్కెచ్ అడిగే న్యాయమూర్తి, సరిపడా ఫీల్డ్ అసిస్టెంట్లు, పిలిచిన రోజున రాగలిగే మండల సర్వేయరు, ఈపీల కోసం వారంలో విడిగా కేటాయించిన ఒక మధ్యాహ్నం. ప్రస్తుతానికి మాత్రం ఉదయం పిలుపుల్లో ఈపీ నంబరు వచ్చినప్పుడు వినిపించే మాట చాలావరకు ఒకటే, 'అమీను రిపోర్టు రాలేదు'. డిక్రీదారు తర్వాతి తేదీని చీటీ మీద రాసుకుని బస్టాండు వైపు నడుస్తాడు.